తొమ్మిదో ఫారం

ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పు కూడా చెయ్యని మనిషని లైబ్రరీలో జిగురాయనకి పేరు. ఆ పేరు తెచ్చిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు జిగురాయనే. ఎవరు కొత్తగా ఉద్యోగంలో చేరినా, వారం తిరక్కుండా ఏదో ఒక వంకన ఆ మాట వాళ్ళ చెవిన వేసేవాడు. వేశాక బల్ల మీద లేని దుమ్ముని ఒకసారి చేత్తో దులిపేవాడు. ఎందుకు దులుపుతున్నాడో ఆయనకొక్కడికే తెలుసు.

అసలు పేరు ఉద్యోగంలో చేరిన రోజు రాసిన కాగితం మీద ఉంది. తర్వాత దాని అవసరం ఎవరికీ రాలేదు. మైదాపిండిలో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి ఉడికించే జిగురు ఆయన చేతులకి, చొక్కాకి, ఆఖరికి మధ్యాహ్నం అన్నం డబ్బాకి కూడా పట్టేసింది. మనిషికంటే ముందు వాసన గదిలోకి వచ్చేది. అలా జిగురాయన అయ్యాడు. ఇంట్లో ఆవిడ మామూలుగా "ఏమండీ" అనేది, కోపం వస్తే మాత్రం లైబ్రరీ వాళ్ళ పేరే వాడుకునేది.

ఆయన పని చిరిగిన పుస్తకాలకి మళ్ళీ బైండు కట్టడం. లైబ్రరీ వెనకాల, సైకిలు స్టాండు పక్కన, ఒకే కిటికీ ఉన్న గది. పొడుగాటి బల్ల, ఇనప ప్రెస్సు, దబ్బనాలు, దారపు ఉండలు. అట్ట ఊడిన పుస్తకం వస్తే పాత దారం కోసేసి, ఫారాలు విడదీసి, చిరుగులకి పల్చటి కాగితం అంటించి, మళ్ళీ వరసలో పేర్చి కుట్టేవాడు. ఫారం అంటే పదహారు పేజీల మడత. ఎంత గొప్ప పుస్తకమైనా లోపల అలాంటి మడతలే. "అద్భుతమైన నవలండీ, గుండె పిండేస్తుంది" అని ఎవరైనా అంటే, "అవునండీ, ఇరవై రెండు ఫారాలు" అని తలూపేవాడు.

ఆయనకి ఇంకో రహస్యం ఉంది. పదకొండు వేల పుస్తకాలు కుట్టిన ఆ మనిషి, ఒక్క పుస్తకం కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదు. ఫారాలు పేర్చేటప్పుడు ఒక దాని ఆఖరి వాక్యం, తర్వాతి దాని మొదటి వాక్యం చూసుకునేవాడు, అతికాయా లేదా అని. ఆ అతుకుల చదువే ఆయన చదువు. ఆ చదువుతోనే కాలేజీ మాస్టార్లతో సాహిత్యం మాట్లాడేవాడు. "నూట పన్నెండో పేజీ దగ్గర రచయిత తడబడ్డాడండీ" అనేవాడు. మాస్టార్లు ఇంటికెళ్ళి ఆ పేజీ తీసి చూసుకుని, నిజమే సుమా అనుకునేవారు. పెద్దమనుషుల మెప్పు ఇంత తేలిగ్గా వస్తుంటే చదవడం ఎందుకు దండగ అని జిగురాయన చాలా ఏళ్ళే అనుకున్నాడు.

అలాంటి మనిషి మీదకి, రిటైరయ్యే నెలలో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక సభ వచ్చి పడింది. 'నన్ను మలిచిన పుస్తకం' అని పేరు పెట్టింది లైబ్రేరియనమ్మ. చేతిలో కళ ఉన్నవాళ్ళు నలుగురు వచ్చి, తమని తీర్చిదిద్దిన పుస్తకం గురించి చెప్పాలి. కుండలు చేసే ఆయన ఒకరు, ఫోటోలు తీసే ఆయన ఒకరు, నాటకాలు రాసి ఆడించే ఆవిడ ఒకరు. నాలుగో వ్యక్తి సంగీతం మాస్టారు. ఆయనకి గొంతు పూడుకుపోయింది.

"ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ఎలాగూ మీకు గడియారం ఇవ్వాలిగా, రెండూ కలిసొస్తాయి," అంది లైబ్రేరియనమ్మ.

"నాది కళేమిటమ్మా, కుట్టుపని," అన్నాడు జిగురాయన. ఇంకోసారి బతిమాలితే బాగుంటుందని ఆశపడ్డాడు. ఆవిడ బతిమాలలేదు. సరేనని రాసేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు.

"మీరు చదివిన పుస్తకం గురించే చెప్పండి, లేనిపోనివాటికి పోకండి," అంది ఆవిడ.

"అదేగా లేనిది."

"లేదని చెప్పండి."

"ముప్ఫై ఆరేళ్ళు పుస్తకాల మధ్య ఉండి ఒక్కటీ చదవలేదంటే నవ్వరూ?"

"నవ్వితే నవ్వారు. మిమ్మల్ని చూసి నేను రోజూ నవ్వట్లేదూ?"

ఆ సలహా ఆయనకి రుచించలేదు. షెల్ఫుల్లో అన్నిటికంటే లావుగా ఉన్న తత్వశాస్త్ర గ్రంథం తీసి, దాని నలభై ఫారాల మొదటి వాక్యాలూ ఆఖరి వాక్యాలూ నోట్సు రాసుకుని, మధ్యలో "అందుచేత", "కనుకనే" లాంటి మాటలు ఇరికించి రెండు పేజీల ఉపన్యాసం తయారు చేశాడు. చదివితే తనకే భయం వేసేంత గంభీరంగా వచ్చింది.

సభకి అరవైమంది దాకా వచ్చారు. చదువుకునే హాల్లో బల్లలన్నీ గోడకి జరిపి కుర్చీలు వేశారు. నలుగురు వక్తలూ ఎదురుగా ఒక వరసలో కూర్చున్నారు. జిగురాయన ఆ రోజు సబ్బు రెండుసార్లు రుద్దుకుని వచ్చాడు. వాసన పోలేదు, సబ్బు వాసన తోడైంది.

ఫోటోలాయన ముందు మాట్లాడాడు. చిన్నప్పుడు భోజనాల బల్ల అందకపోతే వాళ్ళ నాన్న నిఘంటువు మీద కూర్చోబెట్టేవాడట. ఆ లెక్కన తనని ఆ పుస్తకం కిందనుంచి మలిచిందన్నాడు. కుండలాయనకి ప్రథమ చికిత్స పుస్తకమట. అందులో కట్లు కట్టిన చేతుల బొమ్మలు చూసి చూసి, చెయ్యి ఎలా వంగుతుందో నేర్చుకున్నాడట. అందరూ హాయిగా నవ్వారు. జిగురాయన జేబులో ఉపన్యాసం తడుముకున్నాడు. ఈ సరదా మనుషుల తర్వాత తత్వశాస్త్రం తీస్తే జనం లేచిపోతారేమోనని ఒక పక్క, తన పాండిత్యం ఇంకా మెరుస్తుందని ఇంకో పక్క.

అప్పుడు నాటకాలావిడ లేచింది. నలభై దాటిన మనిషి, చేతిలో కాగితం లేదు.

"నాకు పదకొండేళ్ళప్పుడు మేము ఈ ఊళ్ళోనే ఉండేవాళ్ళం," అంది. "మా నాన్నా పెదనాన్నా ఇల్లు పంచుకుంటున్నారు. ఏ గది ఎవరికి, ఏ బీరువా ఎవరికి అని పొద్దస్తమానం అరుపులు. అవి వినలేక ఇక్కడికి వచ్చి కూర్చునేదాన్ని. ఒక లావు నవల దొరికింది. చూద్దును కదా, అందులోనూ అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నారు! ఎక్కడికెళ్ళినా ఇదే ఖర్మా అనుకుంటూనే ఇంటికి పట్టుకెళ్ళి చదివాను."

జనం నవ్వారు. జిగురాయన కూడా నవ్వాడు. ఆ నవల ఆయనకి తెలుసు, పద్దెనిమిది ఫారాలు.

"గొడవ బాగా ముదిరిన చోట పెద్దన్నయ్య విసురుగా వెళ్ళి వీధి తలుపు తీస్తాడు. తీసేసరికి ఎటు చూసినా నీళ్ళే. వీధి లేదు, ఊరు లేదు. దూరంగా ఒక రాయి, రాయి మీద దీపం, దీపం దగ్గర ఒక మనిషి. ఇంట్లో ఎవరూ పట్టించుకోని చిన్న చెల్లెలు ఉంటుంది. ఆ పిల్ల ఎక్కణ్ణించో పడవ లాక్కొస్తుంది. ఉన్నది ఒకటే పడవ. అన్నలందరూ పక్కపక్కన కూర్చోక తప్పదు. దీపం దగ్గరికి చేరేసరికి ఎవరికి ఏ గది కావాలో ఒక్కరికీ గుర్తుండదు. పేజీ తిప్పితే ఏమీ జరగనట్టు మళ్ళీ అందరూ ఇంట్లోనే ఉంటారు."

జిగురాయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"వారం తర్వాత మళ్ళీ అది చదువుకోవాలనిపించి వచ్చాను. అదే పుస్తకం, అదే అట్ట. నీళ్ళు లేవు, దీపం లేదు. తలుపు తీస్తే వీధే ఉంది. పేజీలు ఎవరో మార్చేశారని ఏడుస్తూ వెనక గదికి వెళ్ళాను. అక్కడ ఒకాయన, జిగురు వాసన వచ్చే మనిషి, పుస్తకం తిప్పి చూసి, 'పేజీలన్నీ సరిగ్గా ఉన్నాయి పాపా. చదువుతూ చదువుతూ నిద్రపోయి ఉంటావు, కల వచ్చి ఉంటుంది' అన్నారు."

అరవై తలకాయలు ఒక్కసారి జిగురాయన వైపు తిరిగాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. దాచుకున్నాక, దాచుకోకుండా ఉండాల్సిందని తట్టింది.

"ఇంట్లో నన్ను కోతలరాణి అనేవాళ్ళు," ఆవిడ నవ్వింది. "కొన్నాళ్ళు ఏడ్చాను. తర్వాత ఒక రోజు అనిపించింది, కలైతే నాదేగా! నిద్రలోనే అంత కథ కట్టినదాన్ని, మెలకువలో ఎంత కట్టచ్చు! ఆ రోజే రాయడం మొదలుపెట్టాను. నా నాటకాల్లో తలుపు తీస్తే వీధి ఉండకపోవడం అందుకే. నన్ను మలిచింది లేని పుస్తకం."

అక్కడ ఆగి ఉంటే జిగురాయన గట్టెక్కేవాడు. ఆవిడ ఆగలేదు.

"మా నాన్న పోయే ముందు అడిగారు, 'ఆ పడవ కథ నువ్వే కల్పించావు కదే?' అని. అవున్నాన్నా అన్నాను. ఆయన సంతోషంగా నవ్వారు. అప్పట్నించీ నాకు మనసులో ఒకటే పీకులాట. నాన్నతో ఆఖరున చెప్పింది నిజమో, అబద్ధమో నాకే తెలీదు. ఆ నవల ఎక్కడ దొరికినా తిరగేశాను, ఎందులోనూ నీళ్ళు లేవు. ఇక్కడికి రమ్మంటే వెంటనే ఒప్పుకున్నది అందుకే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ పేజీలు ఉన్నాయా, లేవా? నాకు అదొక్కటే కావాలి."

చప్పట్లు మోగాయి. జిగురాయనకి అవి వినబడలేదు.

ముప్ఫై ఏళ్ళ కిందట జరిగిందేమిటంటే, ఆ ఇంటి పంపకాల నవలా, సముద్రం మీద దీపం కాసేవాడి నవలా ఒకే రోజు ఆయన బల్ల మీదకి వచ్చాయి. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవి. అదే కాగితం, అదే సైజు, అవే అక్షరాలు. రెండిటినీ ఊడదీసి పక్కపక్కన దొంతరలు పెట్టాడు. కుట్టేటప్పుడు ఇందులోని తొమ్మిదో ఫారం అందులోకి, అందులోని తొమ్మిదోది ఇందులోకి వెళ్ళిపోయాయి. ఫ్యాను గాలికి కలిసిపోయాయని ఆయన తనకి తాను చెప్పుకున్న మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏళ్ళ తరబడి ఆ ఫ్యానునే ఆడిపోసుకుంటున్నాడు. పేజీ అంకెలు చూసుకున్నాడు. నూట ఇరవై ఎనిమిది తర్వాత నూట ఇరవై తొమ్మిది, చక్కగా ఉన్నాయి. అతుకు కూడా చదివాడు. "పెద్దన్నయ్య విసురుగా లేచి వెళ్ళి వీధి తలుపు తీసేసరికి" అని ఒక ఫారం ముగిసింది. "ఎటు చూసినా నీళ్ళే తప్ప మరేమీ కనిపించలేదు" అని తర్వాతది మొదలైంది. వానాకాలం కాబోలు అనుకుని కుట్టేశాడు.

నెల తర్వాత రిటైరైన పోస్టుమాన్ ఒకాయన సముద్రం నవల తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇదేం రాతయ్యా? దీపం కాసేవాడు దీపం చేత్తో పట్టుకుని, 'ఆ ఉత్తరం వైపు గది నాది' అంటాడేమిటి, రాతి మీద గదులెక్కడివి?" అన్నాడు. జిగురాయన ఆ నవలని ప్రెస్సు కింద దాచేసి, రెండోది ఎవరి దగ్గరుందో వెతికాడు. ఎవరో పిల్ల తీసుకెళ్ళింది. అది తిరిగొచ్చిన రోజు సాయంత్రమే రెండిటి దారాలూ కోసి, ఎవరి ఫారం వాళ్ళకిచ్చేశాడు. లోకంలో ఎవరికీ తెలియదని గుండెల మీద చెయ్యేసుకున్నాడు. వారానికి ఆ పిల్ల ఏడుస్తూ గుమ్మంలో నిలబడింది.

నిజం చెబితే ఏమయ్యేది? పై వాళ్ళు ఒక మాట అనేవాళ్ళు, అంతే. ఒక్క మాట పడలేక ఆయన పుస్తకంలోకి చూస్తూ ఆ పిల్లతో నిద్రపోయావన్నాడు. పిల్ల వెళ్ళిపోయాక బల్ల మీద లేని దుమ్ము దులిపాడు. అదే మొదటిసారి.

ఇప్పుడు లైబ్రేరియనమ్మ మైకు దగ్గర నిలబడి, "మా జిగురాయన, ముప్ఫై ఆరేళ్ళు, పదకొండు వేల పుస్తకాలు, ఒక్క తప్పు లేదు" అని మొదలుపెట్టింది. జిగురాయన కుర్చీలో మింగలేక కక్కలేక కూర్చున్నాడు. నోరు మూసుకోవడానికి ఇన్నేళ్ళూ చచ్చు సాకులు వెతుక్కున్నాడు. ఇవాళ పెద్ద సాకే దొరికింది. కల నాదేనన్న నమ్మకం మీద ఆవిడ ఇన్ని నాటకాలు రాసింది, అది నీది కాదమ్మా, ఎవరిదో అచ్చయిన పుస్తకంలోదని చెబితే ఆవిడ ఏమైపోతుంది? కాబట్టి ఆవిడ మంచి కోసమే చెప్పకూడదు. ఆహా, ఎంత గొప్ప మనసు తనదని మురిసిపోబోయాడు. ఆ గొప్ప మనసు సరిగ్గా తన పరువు దగ్గరే పుట్టడం చూసి తనకే సిగ్గేసింది. ఆవిడ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి జవాబు తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడు చంకల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

లేచాడు. జేబులో కాగితం తీశాడు. "మానవ జీవిత పరమార్థము" అని మొదటి మాట చదివి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఏ పుస్తకమూ పూర్తిగా చదవలేదండీ," అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. ఎంత వినయమో అనుకున్నారు.

"నిజమండీ. ఫారం మొదలూ, చివరా చూస్తాను. అంతే."

ఇంకా నవ్వారు. కాలేజీ మాస్టారు ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"తప్పు కూడా చేశాను. పెద్దదే చేశాను."

చప్పట్లు కొట్టారు. జిగురాయనకి ఏడుపొచ్చినంత పనైంది. జీవితమంతా అబద్ధం చెబితే నమ్మిన జనం, ఒక్కరోజు నిజం చెబుతుంటే నమ్మరేం? వెనక వరసలో కూర్చున్న భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. నాటకాలావిడ కూడా నవ్వడం లేదు. కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

"ఆ జిగురు మనిషిని నేనేనమ్మా," అన్నాడు ఆవిడతో, మైకు పక్కన పెట్టేసి. "పేజీలు ఉన్నాయి. నువ్వు చూసినవి ఉన్నాయి. ఫ్యాను గాలికి రెండు పుస్తకాల ఫారాలు కలిసిపోయాయి. నేను గమనించకుండా కుట్టేశాను. తెలిశాక మార్చేశాను. నువ్వొచ్చి అడిగితే అబద్ధం చెప్పాను."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జిగురాయన ఎవరి మొహమూ చూడకుండా షెల్ఫుల మధ్యకి నడిచాడు. ఆ రెండు పుస్తకాలూ ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని తియ్యగలడు. ముప్ఫై ఏళ్ళుగా వాటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తే పక్క వరసలోంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు మరి. సముద్రం నవల తెచ్చి నూట ఇరవై తొమ్మిదో పేజీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"'ఎటు చూసినా నీళ్ళే తప్ప మరేమీ కనిపించలేదు,'" అని ఆవిడ పైకి చదివింది. ఆ తర్వాత లోపల్లోపల చదువుకుంది. పదహారు పేజీలు. హాల్లో ఎవరూ కదల్లేదు. కుండలాయన దగ్గొస్తే బయటికి వెళ్ళి దగ్గి వచ్చాడు. జిగురాయన నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోతుందని, అది తను కళ్ళారా చూడాలని సిద్ధపడ్డాడు.

ఆవిడ తల ఎత్తింది. "ఇందులో పడవ లేదు," అంది.

"ఏంటమ్మా?"

"పడవ లేదు. చెల్లెలు లేదు. నీళ్ళ మీద ఇల్లు లేదు. ఒకాయన పొద్దున్నించి సాయంత్రం దాకా దీపం అద్దం తుడుస్తాడు. నూనె కొలుస్తాడు. తాళ్ళ గురించి నాలుగు పేజీలు. ఒక పక్షి వస్తుంది, పోతుంది. అంతే." మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుంది. "నీళ్ళు ఇక్కడివి. దీపం ఇక్కడిది. పడవ నాది."

ఆ మాట అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. లైబ్రేరియనమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ తాగి, "అయితే నాన్నకి చెప్పింది నిజమే," అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. అందరికీ వినబడింది.

జిగురాయనకి గడియారం ఇచ్చారు. ఇవ్వకేం చేస్తారు, దాని మీద 'ఒక్క తప్పు లేని ముప్ఫై ఆరేళ్ళు' అని ముందే చెక్కించేశారు. అది తీసుకుంటుంటే ఆయన చేతులు తేలు కుట్టినట్టు మండాయి.

దారిలో ఆయన భార్య దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "'లేని' అన్న ముక్క గీకేస్తే సరిపోతుందండీ. గడియారం బాగానే ఉంది," అంది. ఆ రోజు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. పెళ్ళయిన కొత్తల్లో తప్ప అలా నడిచిన గుర్తు ఆయనకి లేదు.

మర్నాడు పొద్దున నాటకాలావిడ బైండింగు గదికి వచ్చింది. చేతిలో ఆ రెండు నవలలూ ఉన్నాయి.

"వీటిని మళ్ళీ అలాగే కుట్టి పెట్టండి బాబాయ్ గారూ," అంది. "లైబ్రేరియన్ గారిని అడిగాను. వీటికి బదులు కొత్త ప్రతులు నేను తెచ్చిస్తానన్నాను, ఒప్పుకున్నారు."

"తెలిసి తెలిసి తప్పు కుట్టడం నాకు చేతకాదమ్మా."

"తెలియక కుట్టగలిగారుగా. ఇది అంతకంటే సులువు."

సులువు కాలేదు. రెండు దారాలూ కోసి తొమ్మిదో ఫారాలు మార్చి పెట్టడమే తడవు, ఆయన చేతులు వాటంతటవే వాటిని మళ్ళీ సరైన చోట పెట్టేశాయి. రెండోసారీ అంతే. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు ఆయన మాట వినలేదు. మూడోసారి ఆవిడ ఫారాన్ని వేలితో అదిమి పట్టుకుంటే గానీ దబ్బనం దిగలేదు. తప్పు సరిగ్గా వచ్చిందో లేదో ఆయన మూడుసార్లు చూసుకున్నాడు. "తలుపు తీసేసరికి ఎటు చూసినా నీళ్ళే." సరిగ్గా వచ్చింది.

దారం లాగుతుంటే ఆవిడ అడిగింది. కోపం లేదు గొంతులో.

"ఒక్కటి మాత్రం అర్థం కాలేదు నాకు. ఆ రోజు తెలీదని అన్నా సరిపోయేది. నిద్రపోయావని ఎందుకన్నారు?"

"అదేనమ్మా చెప్పాను కదా, ఈ ఫ్యాను గాలికి..." అంటూ పైకి చూశాడు.

ఆవిడా చూసింది. "అప్పుడు ఈ గదిలో ఫ్యాను లేదు," అంది. "నాకు బాగా గుర్తు. మీరు పాత అట్టతో విసురుకుంటూ నాతో మాట్లాడారు."

నిజమే. ఆ ఫ్యాను వచ్చి ఇరవయ్యేళ్ళు కూడా కాలేదు. ముప్ఫై ఏళ్ళ కిందటి నేరం మోపడానికి, అప్పటికింకా పుట్టని ఫ్యానుని పట్టుకొచ్చాడు. నిన్న అరవైమంది ముందు నిజం చెప్పానని రాత్రంతా కంటినిండా నిద్రపోయాడు. ఆ నిజంలోనూ ఒక ఫారం మారిపోయే ఉంది.

దబ్బనం బల్ల మీద పెట్టాడు. బల్ల మీద చెయ్యి వేశాడు, కానీ దుమ్ము దులపలేదు.

"ఆ రోజు అన్నం తిన్నాక ఈ బల్ల మీదే తల పెట్టుకున్నానమ్మా, ఒక్క నిమిషం అని. లేచేసరికి సాయంత్రమైంది. రెండు దొంతరలూ నా మోచేతి కింద కలిసిపోయి ఉన్నాయి. గబగబా సర్ది కుట్టేశాను. నువ్వొచ్చి ఏడుస్తుంటే, నా గురించి నాకు తెలిసిన మాటే నోటికొచ్చింది. అది నీ మీద పెట్టేశాను." ఆయన మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు, గుమ్మంలో నిలబడ్డ ఆ పదకొండేళ్ళ పిల్లని చూసినట్టు. "నిద్రపోయింది నువ్వు కాదు పాపా. నేను."